కేమన్ దీవిలో అమ్మ సముద్రస్నానం

అమ్మ సముద్రంలో కూర్చుంది. ఒడ్డున నిలబడి పాదాలు తడుపుకోవడం కాదండీ, నిజంగానే మోకాళ్ళ లోతు దాకా నడిచి వెళ్ళి అక్కడ ఇసకలో మఠం వేసుకుని కూర్చుంటే నీళ్ళు గుండెల దాకా వచ్చాయి, చున్నీ నీళ్ళ మీద తేలుతోంది, రెండు చేతులూ నీళ్ళలో అటూ ఇటూ ఆడిస్తూ "ఏమే, ఇదసలు సముద్రమేనా, కాలవ రేవులో కూర్చున్నట్టుందే" అంటోంది. అమ్మకి అరవై నాలుగేళ్ళు. పుట్టింది కాకినాడ దగ్గర ఉప్పాడలో, సముద్రానికి కూతవేటు దూరంలో. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది గానీ అందులో కూర్చోవడం ఇదే మొదటిసారి. ఫొటోలు చాలానే తీశాం, కానీ ఫొటోల్లో ఈ సంగతి కనపడదు కదా, అందుకే రాస్తున్నాను.

మేం ఉండేది డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో. 2025 ఫిబ్రవరిలో అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నప్పుడు పిల్లలకి కూడా వీలు చూసుకుని గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల వెస్టర్న్ కరీబియన్ క్రూజ్ బుక్ చేశాం. ఇంటి నుంచి ఐదు గంటల డ్రైవ్, ఫ్లైట్ గొడవ లేదు, అమ్మ మోకాళ్ళకి అదే పెద్ద సుఖం. ఆదివారం ఎక్కితే రెండ్రోజులు ఒట్టి నీళ్ళే, బుధవారం జమైకా, గురువారం గ్రాండ్ కేమన్ దీవి, శుక్రవారం మెక్సికోలో కోజుమెల్, మళ్ళీ ఆదివారం పొద్దున్నే గాల్వెస్టన్.

మనవాళ్ళ కోసం వీసా సంగతి ఒక్క మాట. ఎక్కిన పోర్టులోనే దిగే క్రూజ్ కదా, అమెరికా వదిలినట్టు కాదులే అనుకునే వాళ్ళు చాలామంది ఉన్నారు, కాదండీ, వదిలినట్టే. బర్త్ సర్టిఫికెట్‌తో వెళ్ళి రావడం సిటిజన్లకి మాత్రమే. హెచ్ వన్ అనే ఉద్యోగపు వీసా మీద ఉన్నవాళ్ళకి పాస్‌పోర్టులో స్టాంపింగ్, అంటే వీసా ముద్ర, బతికి ఉండాలి, అమ్మానాన్నలకి మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. స్టాంపింగ్ గడువు అయిపోయినా ముప్పై రోజుల్లోపు వెనక్కి రావచ్చు అని ఒక రూల్ ఉంది చూశారా, అది హెచ్ వన్ వాళ్ళకి కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది, ఈ దీవులకి కాదు. మా ఆయన స్టాంపింగ్ అంతకు ముందు ఏడాదే హైదరాబాద్‌లో అయింది కాబట్టి ధైర్యంగా వెళ్ళాం. టికెట్ కొనే ముందు చూసుకోండి, కొన్నాక కాదు.

ఇక కేమన్‌లో ఏం చెయ్యాలి అన్నదాని మీద ఇంట్లో వారం రోజులు చర్చ. పిల్లలకి స్టింగ్ రే సిటీ కావాలి, అంటే సముద్రం మధ్యలో ఒక ఇసక తిప్ప ఉంటుంది, ఒకప్పుడు జాలర్లు చేపలు బాగుచేసి వ్యర్థం అక్కడ పడేసేవాళ్ళట, దానికి అలవాటు పడ్డ టేకు చేపలు ఇప్పటికీ మనుషులు రాగానే దగ్గరకొస్తాయి. మా ఆయనకి అదీ, తాబేళ్ళ సెంటరూ, మళ్ళీ బీచూ అన్నీ కావాలి. నేను ఒక్కటే చెప్పాను, నాన్నకి డెబ్భై ఏళ్ళు, అమ్మ మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటుంది, వీళ్ళని బస్సెక్కించి బోటెక్కించి మళ్ళీ బస్సెక్కించి తిప్పితే సాయంత్రానికి వాళ్ళకి గుర్తుండేది కాళ్ళ నొప్పులే. ఒక్క బీచ్, పొద్దున్న నుంచి సాయంత్రం దాకా, అంతే. పిల్లలు మొహాలు ముడుచుకున్నారు, ముడుచుకోనీ అనుకున్నాను. ఇప్పటికీ ఆ నిర్ణయం మంచిదే అంటాను, పెద్దవాళ్ళతో వెళ్ళే ఎవరికైనా ఇదే చెప్తాను.

గురువారం పొద్దున్నే లేచేసరికి షిప్ కదలడం లేదు. బాల్కనీలోంచి చూస్తే ఒడ్డు దూరంగా చదునుగా కనిపిస్తోంది, కొండా లేదు గుట్టా లేదు, మన షిప్పు కాక ఇంకో రెండు షిప్పులు లంగరేసి ఉన్నాయి. గ్రాండ్ కేమన్‌లో పెద్ద షిప్పులకి జెట్టీ లేదు. జార్జ్‌టౌన్ ఊరికి ఎదురుగా సముద్రంలోనే ఆగిపోతే టెండర్ అని చిన్న బోట్లు వచ్చి జనాన్ని తీసుకెళ్తాయి, చిన్నవంటే మరీ చిన్నవి కాదు, మన గోదావరి లాంచీ అంత. గాలి ఎక్కువైతే టెండర్లు నడవవు, అప్పుడు దీవికి దక్షిణం పక్క స్పాట్స్ అనే చోటికి వెళ్తారు, అక్కడా కుదరకపోతే దిగకుండానే షిప్ వెళ్ళిపోతుంది. ఫిబ్రవరిలో ఉత్తరపు గాలులు వస్తాయని చదివి నేను ముందురోజు రాత్రంతా బాల్కనీ తలుపు తీసి గాలి చూస్తూనే ఉన్నాను. మేం వచ్చేసిన తర్వాత ఏప్రిల్ 30న అక్కడ ఎలక్షన్లతో పాటే క్రూజ్ షిప్పులకి జెట్టీ కట్టాలా వద్దా అని జనాన్ని ఓటు అడిగితే వద్దన్నారు. దిగడానికి అంత అవస్థ పడ్డ నాకు కూడా ఎందుకో ఆ వార్త చదివి సంతోషమే అయింది, ఆ నీళ్ళు చూసినవాళ్ళకి అర్థమవుతుంది.

అవస్థ అన్నాను కదా. షిప్ అడుగు డెక్‌లో తలుపు తీస్తారు, అవతల టెండర్ ఊగుతూ ఉంటుంది, మధ్యలో చిన్న పలక. టెండర్ పైకి లేచినప్పుడు పలక పైకి, దిగినప్పుడు కిందకి. అమ్మ అక్కడ ఆగిపోయింది. నా వెనకాల క్యూ, ముందు అమ్మ, ఆవిడ చేతిలో ప్లాస్టిక్ కవర్, కవర్లో తువ్వాళ్ళు. ఇద్దరు షిప్ కుర్రాళ్ళు అటొకళ్ళు ఇటొకళ్ళు మోచేతుల దగ్గర పట్టుకున్నారు, "నౌ మమ్మీ" అన్నాడు ఒకతను, ఆ మాట ఎలా అర్థమైందో ఏమో అమ్మ అడుగు వేసేసింది. అడుగు వేయలేని వాళ్ళకి, వీల్‌చెయిర్ నుంచి లేవలేని వాళ్ళకి ఈ పోర్టు కష్టం, బుక్ చేసేటప్పుడే షిప్ వాళ్ళని అడిగి పెట్టుకోవాలి.

ఒడ్డున దిగగానే టూర్ వాళ్ళు ఒకటే పిలుపులు. వాళ్ళని దాటి లైబ్రరీ పక్కకి నడిస్తే ఊరి బస్సులుంటాయి, మన టెంపో ట్రావెలర్ లాంటివి, నీలం రంగు నెంబర్ ప్లేట్ ఉంటే అది పబ్లిక్ బస్సని అర్థం. మనిషికి రెండు మూడు డాలర్లు అంతే. కేమన్ డాలర్ మన అమెరికా డాలర్ కంటే ఎక్కువ, ఒకటికి డాలర్ ఇరవై సెంట్లు, కాబట్టి బోర్డు మీద పది అని ఉంటే పది కాదు. బండ్లన్నీ రోడ్డుకి ఎడమ పక్కన వెళ్తుంటే నాన్న "ఇదిగో, ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నారు, డాలస్‌లో రెండు నెలల నుంచి కారులో ముందు సీట్లో కూర్చుని బిగపట్టుకుని ఉన్న మనిషి.

డ్రైవర్ పెద్దాయన. మీది ఇండియాయేనా అని అడిగి, తూర్పు చివర మీ వాళ్ళ ఆస్పత్రి ఉంది తెలుసా అన్నాడు. బెంగళూరు గుండె డాక్టర్ దేవి శెట్టి పెట్టిన హెల్త్ సిటీ, 2014లో మొదలైంది, తన చెల్లెలికి అక్కడే ఆపరేషన్ అయిందట, ఇండియన్ నర్సులు బాగా చూసుకున్నారట. ఆ మాటతో ఆయన మా మనిషి అయిపోయాడు. నాన్నేమో సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు, ఎక్కడికెళ్ళినా ప్రశ్నలే. ఇక్కడ తుఫాన్లు వస్తాయా అని అడిగించారు నా చేత. ఆయన స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి తీసి తన ఛాతీ దగ్గర పెట్టి చూపించాడు, ఇక్కడి దాకా నీళ్ళు, ఇంట్లో, ఐవాన్ తుఫాను, 2004 సెప్టెంబర్. పిల్లల్ని వంటింటి అలమార మీద కూర్చోబెట్టాడట. నేను తెలుగులో చెప్పగానే అమ్మ "తొంభై ఆరు" అంది. ఇంకేం అనలేదు.

మా ఇళ్ళల్లో తొంభై ఆరు అంటే చాలు. 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను. నాకు పదేళ్ళు, కాకినాడలో అద్దె ఇంట్లో ఉన్నాం, తలుపుకి అడ్డంగా మంచం పెట్టి ఆ మంచం మీద నాన్న వీపు ఆనించి కూర్చోవడం గుర్తు, తెల్లారాక కోనసీమ వైపు నుంచి వచ్చిన వాళ్ళు కొబ్బరి చెట్ల గురించి ఏడుస్తూ చెప్పడం గుర్తు. ఆ డ్రైవర్‌కి నేను ఇంగ్లీషులో ఏదో చెప్పాను, ఆయన తలూపాడు. దిగేటప్పుడు అమ్మకి చెయ్యి అందించాడు.

సెవెన్ మైల్ బీచ్ అని పేరే గానీ ఏడు మైళ్ళు ఉండదు. ఒడ్డంతా హోటళ్ళు, కాండోలు, కానీ మధ్యలో పబ్లిక్ బీచ్ అని ఉంది, టికెట్ లేదు, బాత్‌రూమ్‌లు ఉన్నాయి, ఒంటి మీద ఉప్పు పోవడానికి షవర్లు ఉన్నాయి. రెండు కుర్చీలకీ ఒక గొడుగుకీ అద్దెకిచ్చే అతను ముప్పై డాలర్లు తీసుకున్నాడు. మాకు ఆ గొడుగు కూడా అక్కర్లేకపోయింది. ఎందుకంటే అక్కడ సరుగుడు చెట్లు ఉన్నాయండీ! నేను బస్ దిగి ఇసకలోకి నడుస్తుంటే కాళ్ళ కింద ఏదో గుచ్చుకుంది, చూస్తే సరుగుడు కాయ, పైకి చూస్తే అదే సన్నటి ఆకు, గాలికి అదే సుయ్యిమనే చప్పుడు. వాకలపూడి పక్క తోటల్లో చిన్నప్పుడు పుల్లలు ఏరుకున్న చెట్టు. ఇక్కడిది కాదట, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టట, మన దగ్గరకి కూడా అలా వచ్చిందే కదా. అమ్మ ఒక కాయ తీసి చేతిలో పట్టుకుని చెట్టు మొదట్లో తువ్వాలు పరుచుకుని కూర్చుంది.

నీళ్ళ గురించి ఎలా చెప్పాలో తెలియడం లేదు. మాకు సముద్రం అంటే గోధుమ రంగు. కాకినాడ తీరంలో గోదావరి తెచ్చే ఒండ్రు అంతా కలిసి ఉంటుంది, చెయ్యి ముంచితే వేళ్ళు కనపడవు. ఇక్కడ నడుము లోతులో నిలబడితే కాలి గోళ్ళు లెక్కపెట్టొచ్చు. చిన్నోడు ఎందుకు ఇలా ఉంది అని అడిగాడు, నాన్నకి అంతకంటే ఏం కావాలి, ఇసకలో కూర్చుని పుల్లతో దీవి బొమ్మ గీశారు. ఈ దీవిలో ఒక్క నది లేదురా, అంతా సున్నపురాయి, వాన పడితే నీళ్ళు రాయిలోకి ఇంకిపోతాయి గానీ మట్టిని మోసుకుని సముద్రంలో కలవవు, మట్టి రాదు కాబట్టి నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గాలి తూర్పు నుంచి వస్తుంది, మనం ఉన్నది పడమర ఒడ్డు, దీవే గాలికి అడ్డం కాబట్టి అల లేదు. కొంచెం దూరం వెళ్తే అడుగు ఒక్కసారిగా పోతుంది, ఈ దీవుల పక్కనే ఏడున్నర కిలోమీటర్ల లోతు అగాధం ఉంది. వాడు ఇసక తెల్లగా ఎందుకుంది అన్నాడు. ఇది రాయి కాదు నాన్నా, పగడాల పొడి, గవ్వల పొడి అన్నారు. మా పెద్దది స్కూల్లో చదివిందట, చిలక చేప అని ఒకటి ఉంటుంది, ముక్కుతో పగడాన్ని కొరికి తిని ఇసకగా బయటకి వదుల్తుంది అని చెప్పింది, తాతయ్యకి తెలియనిది చెప్పినందుకు దాని మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా ఆ ఇసక కాల్లేదు. మన తీరంలో నల్ల ఇసక ఉంటుంది చూడండి, ఇల్మనైట్ అనే ఖనిజం కలిసి మెరుస్తూ, ఎండాకాలం దాని మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం.

అందరం నీళ్ళలోకి దిగాం, అమ్మ రాలేదు. మీరు కానివ్వండి, నేను సామాన్లు చూస్తాను అంది. ఎప్పుడూ అదే మాట. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఉప్పాడలో మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఉన్న ఇల్లు ఇప్పుడు లేదు, ఆ వీధే లేదు, సముద్రంలో కలిసిపోయింది. అమ్మ చిన్నప్పుడు ఆ ఇంటి అరుగు మీద ఆడుకుందట, తర్వాత ఒకేడు అల అరుగు దాకా వచ్చింది, ఇంకో ఏడు గోడ పడిపోయింది. రాళ్ళు పోశారు, జియో ట్యూబ్ అని ఇసక నింపిన పెద్ద గొట్టపు సంచులు వేశారు, కాకినాడ నుంచి వెళ్ళే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు కొట్టుకుపోయిందో వెళ్ళొచ్చే వాళ్ళకి తెలుసు. మా తాత ఎప్పుడూ చెప్పేవాడట, సముద్రానికి వీపు చూపించకూడదు, నమ్మకూడదు, దణ్ణం పెట్టుకుని వచ్చెయ్యాలి. మాఘపౌర్ణమికి ఊరంతా సముద్రస్నానానికి వెళ్తే అమ్మని మాత్రం ఒడ్డున కూర్చోబెట్టి చెంబుతో పోసేవారట. అలా పెరిగిన మనిషిని రా రా అని లాగితే వస్తుందా.

"పౌర్ణమి నిన్నే కదే" అంది అమ్మ ఉన్నట్టుండి. అవును, ముందురోజు బుధవారం జమైకాలో ఉన్నాం, ఎవరికీ గుర్తు లేదు. "మాఘమాసం ఉందిగా ఇంకా, ఏ రోజైనా ఫలమే" అన్నారు నాన్న నీళ్ళలోంచే, అంత దూరం నుంచి ఎలా విన్నారో. అమ్మ కాసేపు నీళ్ళ వైపు చూసింది. పెద్ద పెద్ద అమెరికా ఆడవాళ్ళు, ఎనభై ఏళ్ళ ముసలమ్మలు, నీళ్ళలో నుంచుని కబుర్లు చెప్పుకుంటున్నారు, ఎవరికీ అల తగలడం లేదు, మా చిన్నోడు వెల్లకిలా పడుకుని తేలుతున్నాడు. అమ్మ లేచింది. సరుగుడు కాయ నా చేతిలో పెట్టింది, గాజులు పైకి తోసుకుంది.

మొదట మడమల దాకా. ఆగింది, అలవాటు కొద్దీ కొంచెం పక్కకి తిరిగింది, అల వస్తే వెనక్కి పరిగెత్తడానికి. అల రాలేదు. ఇంకో నాలుగడుగులు. "వెచ్చగా ఉన్నాయేంటే" అంది, ఫిబ్రవరిలో కూడా ఎనభై డిగ్రీల దగ్గర ఉంటాయి అక్కడ నీళ్ళు, మన సెల్సియస్ లెక్కలో ఇరవై ఏడు. నేను చెయ్యి పట్టుకుని నడిపించాను, చిన్నప్పుడు నన్ను ఆవిడ నడిపించలేదు ఇలా, ఎప్పుడూ వెనక్కి లాగడమే. మోకాళ్ళ దగ్గర నాన్న ఎదురొచ్చారు. తన తువ్వాలు చెంగుకి అమ్మ చున్నీ చెంగు ముడి వేశారు, దంపతులు కలిసి చేసే స్నానానికి అలా వేసుకుంటారు కదా, తడిసిన బట్ట కాబట్టి ముడి పడటానికి రెండు మూడు సార్లు పట్టింది, అమ్మ కదలకుండా నుంచుంది.

సంకల్పం దగ్గర నాన్న ఆగారు. ఇంట్లో జంబూద్వీపే భరతవర్షే అంటాం. డాలస్ గుళ్ళో పంతులుగారు క్రౌంచద్వీపే రమణకవర్షే ఐంద్రఖండే అని చెప్తారు, నాన్న అది రాసి పెట్టుకున్నారు కూడా. కానీ ఇది అమెరికా కాదు, బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉన్న దీవి, అటు క్యూబా ఇటు జమైకా, దీన్ని ఏ ద్వీపం అనాలి. ఆయన నిజంగానే నిలబడి ఆలోచించారు, అలాంటివి తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. చివరికి క్రౌంచద్వీపే అనే అని, శ్రీ క్రోధి నామ సంవత్సరే, ఉత్తరాయణే, శిశిర ఋతౌ, మాఘమాసే, కృష్ణపక్షే అని గోత్రాలు చెప్పి, తర్వాత నదుల్ని పిలిచే శ్లోకం మొదలుపెట్టారు, గంగ, యమున, గోదావరి దగ్గరకొచ్చేసరికి అమ్మ కూడా గొంతు కలిపింది. ఒక్క నది కూడా లేని దీవి అని గంట క్రితమే ఆయన ఇసకలో గీసి చెప్పి ఉన్నారు. ఇద్దరూ ముక్కు మూసుకుని మూడు మునకలు వేశారు. అమ్మ మూడోసారి లేచాక కళ్ళు తుడుచుకుంటూ "ఉప్పుగానే ఉంది" అంది నాతో, అదే పెద్ద రుజువన్నట్టు. ఆ తర్వాతే అలా ఇసకలో కూర్చుంది. లేవలేదు. దాదాపు రెండు గంటలు.

ఆ రెండు గంటల్లో ఏం జరిగిందంటే ఏమీ జరగలేదు. పిల్లలు అమ్మమ్మ ఒళ్ళో గుప్పెళ్ళతో ఇసక పోశారు. వేలెడంత చేపలు, పారదర్శకంగా, ఒట్టి కళ్ళూ నీడలే కనిపించేవి, అమ్మ కాలి మెట్టెల దగ్గరకొచ్చి తిరిగి వెళ్ళేవి, మెట్టెల మెరుపుకి వస్తున్నాయేమో, అమ్మ కాలు కదపకుండా చూస్తూ కూర్చుంది. ఎంతసేపంటే నీళ్ళలో ఉన్న చేతివేళ్ళు ముడతలు పడి తెల్లగా అయిపోయాయి. పక్కన ఎవరో కెనడా ఆవిడ చెయ్యి ఊపితే అమ్మ కూడా ఊపింది. భోజనానికి కూడా లేవనంటే షిప్ నుంచి తెచ్చిన సీల్ తియ్యని బిస్కెట్ ప్యాకెట్లు, ఒడ్డున కొన్న ఫ్రెంచ్ ఫ్రైస్ అక్కడికే తీసుకెళ్ళి ఇచ్చాను, ఒక చెయ్యి పైకెత్తి పట్టుకుని తింది. వండినవి, పళ్ళు షిప్ నుంచి ఒడ్డుకి తేకూడదు, అందుకే ప్యాకెట్లు.

ఈలోగా నాన్నా మా ఆయనా ఒడ్డు వెంట దక్షిణానికి నడుచుకుంటూ వెళ్ళారు. వచ్చాక నాన్న మాట తగ్గింది. మైలున్నర పోయాక బీచ్ లేదట. హోటల్ గోడకి నేరుగా నీళ్ళు తగులుతున్నాయి, మెట్లు నీళ్ళలోకి దిగి ఉన్నాయి, కుర్చీలు వేసే చోట రాళ్ళు. ఒడ్డుకి మరీ దగ్గరగా కట్టేశారు, తుఫాను వచ్చినప్పుడు అల గోడకి కొట్టుకుని వెనక్కి వెళ్తూ ఇసక లాక్కుపోతుంది, గోడ లేకపోతే ఆ ఇసక మళ్ళీ మెల్లిగా వచ్చి చేరుతుంది అని చెప్పారు. తర్వాత నేను చదివితే అక్కడి వాళ్ళకి కూడా ఇది చాలా పెద్ద బాధే, ఇసక తెచ్చి పొయ్యాలా, గోడలు తియ్యాలా అని ఏళ్ళ తరబడి నడుస్తోంది. "అచ్చం ఉప్పాడే" అన్నారు నాన్న నా పక్కన కూర్చుంటూ, గొంతు తగ్గించి. అమ్మకి చెప్పలేదు మేం. ఆ రోజుకి చెప్పాలనిపించలేదు.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది. చివరి టెండర్ మూడున్నరకి. ఫోన్ చూస్తే రెండున్నర దాటింది, అమ్మని లేపాలి, బట్టలు మార్చాలి, బస్ దొరకాలి, నేను కంగారు పెట్టేశాను. అందరం హడావుడిగా జార్జ్‌టౌన్ వచ్చి చూస్తే క్యూ లేదు, ఖాళీ. షిప్ గాల్వెస్టన్ టైమే ఉంచింది, ఫోనేమో ఒడ్డు ఎక్కగానే కేమన్ టైమ్‌కి మారిపోయింది, ఫిబ్రవరిలో కేమన్ మనకంటే ఒక గంట ముందు. అంటే అమ్మ ఇంకో గంట ఆ నీళ్ళలో కూర్చుని ఉండొచ్చు. అందుకే చెప్తున్నాను, షిప్ టైమ్ చూపించే మామూలు చేతి గడియారం ఒకటి పెట్టుకుని దిగండి, ఫోన్‌ని నమ్ముకోవద్దు. నేను సారీ అమ్మా అంటే, "పోన్లేవే, కడుపు నిండింది" అంది.

ఆ గంటా రేవు గోడ మీద కూర్చున్నాం. అక్కడ ఒడ్డు ఇసక కాదు, నల్లగా బొడిపెలు బొడిపెలుగా ఉండే రాయి, దాని పక్కనే నీళ్ళలో మనిషి పొడుగు టార్పన్ చేపలు నాలుగైదు తిరుగుతున్నాయి, పొలుసులు వెండి పళ్ళేల్లా ఉన్నాయి. అమ్మ జుట్టు విప్పి ఆరబెట్టుకుంది. చున్నీ మీద ఉప్పు తెల్లగా గీతలు కట్టింది, ముడి వేసిన చోట ముడతలు అలాగే ఉన్నాయి. టెండర్ ఎక్కేటప్పుడు ఈసారి ఎవరూ పట్టుకోనక్కర్లేకుండా, కుర్రాడు చెయ్యి చాపేలోపే, పలక మీద అడుగేసి దాటేసింది.

ఆదివారం రాత్రి ఇర్వింగ్ వచ్చాక ఉప్పాడలో పిన్నికి ఫోన్ చేసింది, అక్కడ సోమవారం పొద్దున్న. స్పీకర్ పెట్టి అంతా చెప్పింది, ముడి, మునకలు, చేపలు, మెట్టెలు. పిన్ని అన్నీ విని "అలే లేదంటున్నావు, మరి చప్పుడో అక్కా?" అంది. చప్పుడు లేదే, ఒట్టి సరుగుడు చప్పుడే అంది అమ్మ. "ఉండు" అని పిన్ని ఫోన్ పట్టుకుని మేడ మెట్లెక్కింది, ఆయాసం వినపడుతోంది, పైకెళ్ళి ఫోన్‌ని సముద్రం వైపు పట్టుకుంది. గాలి, వెనకాల అల విరిగిన చప్పుడు, మళ్ళీ అల. అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఫోన్ చెవి దగ్గరగా పెట్టుకుని వింటోంది, చేతిలో ఆ సరుగుడు కాయ ఉందేమో అని చూశాను, లేదు, అది షిప్‌లోనే ఎక్కడో పోయింది.